పనస పెట్టెల్లో నలుగుపాట

మా ఆయన మల్లేశ్వరరావు ముప్పై ఏళ్లకు పైగా ఉద్దానం ఊళ్లలో పెళ్లిళ్లకి మైకుసెట్టు కట్టాడు. కొబ్బరిచెట్లెక్కి, ఒక్కో హారన్ మొహం ఒక్కో ఊరివైపు తిప్పి కట్టేవాడు. పెళ్లి ఒకరింట్లో, జాగారం మూడూళ్లకి. చివరికి ఆ మోతంతా తిరిగొచ్చి ఆయన చెవుల్లోనే కాపురం పెట్టింది. కుడిచెవి చాలావరకు పోయిందనీ, ఎడమది కూడా మెల్లగా అదే దారి పడుతుందనీ పలాసలో డాక్టరు చెప్పాడు. హారన్లు అటకెక్కాయి.

ఆయన దిగులంతా ఒక క్యాసెట్టు మీద. ముప్పైమూడేళ్ల కిందట జలంత్రకోటలో మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో, పెళ్లికూతురికి నలుగు పెడుతూ నేను పాట పాడాను. ఆ మైకు కట్టింది ఈయనే, పాటలు టేపురికార్డరులోకి ఎక్కించిందీ ఈయనే. పాటకీ పాటకీ మధ్య హారన్లు ఆపేసినా టేపుని మాత్రం ఆపేవాడు కాదు. ఆపి మళ్లీ నొక్కితే తర్వాతి పాట మొదలు తెగిపోతుందని ఆయన భయం. ఆ పాట విన్నాకే తన మేనత్తని మా ఇంటికి సంబంధం మాట్లాడమని పంపాడు. నేను మాత్రం ఆ రోజు ఈయన మొహమైనా చూడలేదు. పెద్దవాళ్లు కుదిర్చారు, తలవంచుకుని చేసుకున్నాను. ఈ ముక్క ముప్పైమూడేళ్లుగా అందరి దగ్గరా చెబుతూనే ఉన్నాను.

"ఆ పాట నాను హారన్లోనే ఇన్నాను గౌరీ," అన్నాడు డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం. "హారన్లో ఎంత మంచి గొంతైనా అరుపైపోద్ది. ఈ ఎడం సెవి ఉండగానే ఒక్కపాలి నీ గొంతు నీ గొంతులాగ ఇనాల. ఆ తర్వాత పోతే పోనీ."

ఇంట్లో టేపులో వేస్తే పాట కంటే బుస ఎక్కువ. మా అమ్మాయి తనూజ టెక్కలిలో కాలేజీ లెక్చరరు. అది క్యాసెట్టు పట్టుకెళ్లి ఎవరి చేతనో ఆ బుస తీయించి, పాటల్ని నాన్న ఫోన్లోకి ఎక్కించింది. ఇంటికి ఒక అట్టపెట్టె కూడా తెప్పించింది. అందులో రెండు పెద్ద స్పీకర్లు, రెండు చిన్నవి, చిన్న యాంప్లిఫయరు, తీగలు, అరచేతంత సర్క్యూట్లు రెండు, కొలతల కాగితం ఒకటి. పుస్తకాల అరలో పట్టే పెట్టెలు మాత్రం మనమే చేసుకోవాలట.

తిత్లీ తుఫానుకి పెరట్లో పనసచెట్టు కూలినప్పుడు కోయించిన పలకలు అప్పటినుంచీ చూరుకింద ఉన్నాయి. ఆయన వాటిని దింపాడు. అది మాఘమాసం, జీడితోటలు పూత మీద ఉన్నాయి. పలాస జీడి బట్టీలో ఇరవైరెండేళ్లు పప్పు ఏరి మానేసినదాన్ని, నాకు మధ్యాహ్నాలు పెద్ద పనేమీ లేదు. చాప మీద ఒరిగి, ఆయన గరుకు కాగితంతో పలకల్ని రుద్దుతున్న చప్పుడు వింటూ ఉండేదాన్ని. పసుపుపచ్చటి పొట్టు ఎండలో లేచి నెమ్మదిగా దిగేది. జీడిపూత వాసన కిటికీలోంచి వచ్చి నా పక్కనే పడుకునేది. సరుగుడుతోటల అవతల సముద్రం హోరు, ఈ రుద్దుడు చప్పుడు కలిసిపోయి, ఏది ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. ఒక్కోసారి మా ఇల్లే ఒక పనస పెట్టె అయినట్టూ, నేను అందులో పడుకుని ఉన్నట్టూ అనిపించేది. అంత హాయిగా నేను పెళ్లైన కొత్తలో కూడా నిద్రపోలేదు.

పెట్టెల్లోపల దూదిలాంటిదేదో కూరాలని కాగితంలో ఉంది. మాకు పీచుకి కరువా? కొబ్బరిపీచు ఉతికి, ఎండబెట్టి, నేనే దువ్వి ఇచ్చాను.

పని మొదలెట్టిన ఇరవయ్యోనాటికి రెండు పెట్టెలూ అరలో చెరో చివర కూర్చున్నాయి. ఆయన ఫోను తగిలించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా పాట మొదలైంది. పొయ్యి పొగ ఇల్లంతా కమ్మినట్టు గది నిండా ఉందిగానీ ఏ మూలా నిలవలేదు. గొంతులో పస లేదు. ఆయన తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. అబద్ధమని నా మొహమే చెప్పేసి ఉంటుంది. పాట సగంలో ఆపేశాడు.

"పాడే మనిషి రెండు పెట్టెల మద్దిన నిలబడినట్టు ఉండాలని కాయితంలో ఉంది," అన్నాడు. "నాకెక్కడా నిలబడలేదు. ఆలీసమైపోనాది గౌరీ. ఎడందీ పోనాది."

నాకూ నిలబడలేదు. ఆ మాట అప్పుడే అనాల్సింది. ముప్పై ఏళ్ల మైకుసెట్టు మనిషికి జీడిపప్పు ఏరుకునేదాన్ని నేను చెప్పేదేమిటని నోరు మూసుకున్నాను. అందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన పెట్టెలకి నా పాతచీర చుట్టి మంచం కిందకి తోసేశాడు. రెండు రోజులు మాటా పలుకూ లేదు. తిన్నాననిపించి సముద్రం ఒడ్డుకి పోయేవాడు. చెవి మిగిలిందో లేదో అలల దగ్గర చూసుకుంటున్నాడని నాకు తెలుసు.

మూడోనాడు ఉండబట్టలేక పెట్టెలు బయటికి లాగి, పాట మళ్లీ వినాలని అరలో పెట్టాను. తీగలు తగిలించే ఉన్నాయి. తెల్లపప్పు గుట్టలో ఒక్క మాడుపప్పు ఉన్నా బారెడు దూరం నుంచి పట్టే కళ్లు నావి. పెట్టెల వెనక్కి వంగగానే కనబడింది. ఒకదానికి ఎర్ర తీగ ఎర్ర మేకుకి ఉంది, రెండోదానికి ఎర్ర తీగ నల్ల మేకుకి ఉంది.

తనూజకి ఫోను చేశాను. సంగతంతా అది మెల్లగా చెప్పింది. రెండు స్పీకర్లూ ఒకేసారి ముందుకి ఊదాలట. తీగ తిరగబడితే ఒకటి ఊదుతుంటే రెండోది పీలుస్తుందట, మధ్యలో మనిషి నిలబడదట. కొబ్బరిచెట్ల మీద ఏ హారన్‌కి ఆ హారన్ ఒక్కో ఊరి మీద అరిచేది గనక ఏ తీగ ఎటు కట్టినా మోగేది. ముప్పై ఏళ్ల అలవాటు, ఆయన చెయ్యి రంగు చూడలేదు. చెవిది కాదు తప్పు.

తీగలు మార్చి, ఆయన ఇంట్లో వదిలి వెళ్లిన ఫోను తగిలించి పాట పెట్టాను. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. రెండు పెట్టెల మధ్య, ఉత్త గోడ ముందు, ఒక పిల్ల నిలబడి పాడుతోంది. ఊపిరి తీసుకుంటోంది. దాని గాజులు కదులుతున్నాయి. ఇరవయ్యేళ్లప్పటి నేను మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

ఇసక కాళ్లతో వచ్చిన ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఎవులొచ్చినారు గౌరీ?"

ఆయన గోడవైపు చూస్తూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు తుడుచుకోలేదు. కాసేపటికి, "కూసింత ఎడం పక్కకి జరిగి నిలబడ్డావే," అన్నాడు. నాకైతే నడిమధ్యనే ఉంది. కుడిచెవి పోయింది కదా, ఆ పిల్ల వినబడే వైపుకి జరిగిందన్నమాట. ఎక్కడ నిలబడితేనేం, నిలబడింది.

పాట అయిపోయింది. ఆపుదామనుకున్నానుగానీ చెయ్యి లేవలేదు. టేపు ఆ రోజు కూడా ఆగలేదు కదా. ఎవరో నవ్వారు, గిన్నె చప్పుడైంది. ఆ తర్వాత, మైకుకి బాగా దగ్గరగా, పక్కనున్న నేస్తంతో గుసగుసగా ఆ పిల్ల గొంతు.

"ఒలే కాంతం, ఆ మైకు గుంటడు ఎలిపోకుండా ఇంకో పాట పాడదామే. బాగున్నాడే."

నా చెవులు మండిపోయాయి. ముప్పైమూడేళ్ల అబద్ధం నడింట్లో దొరికిపోయింది. చటుక్కున ఫోను ఆపేశాను. ఆయన ఇంకా గోడనే చూస్తున్నాడు.

"ఏటన్నాది ఆ పిల్ల?"

నాకేం తెలుసన్నాను.

"నాకు ఇనబడలేదు. సెవిటోడిని గదా. నువ్వు సెప్పు."

పెదవుల చివర నవ్వు దాచుకోవడం ఆయనకి ఏనాడూ చేతకాలేదు. ఇక దాచడానికి నా దగ్గర మాత్రం ఏం మిగిలింది? లేచి ఆయన ఎడమపక్కన కూర్చుని, చెవికి నోరానించి, ఆ పిల్ల అన్నమాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా తల తిప్పి, కుడిచెవి నా నోటిదగ్గర పెట్టాడు.

"దీనిక్కూడా ఒక్కపాలి సెప్పు."

దానికీ చెప్పాను.