ఆపిన బొమ్మ

అప్పలసూరి ప్రొజెక్టరు పెట్టెను బస్సు టాపు మీంచి తనే దించుకున్నాడు. కూలీకిస్తే అద్దాలు పగులుతాయని భయం. తన నడుం విరిగితే ఫిల్ములిచ్చి పంపే ఆఫీసువాళ్ళు ఎలాగూ అడగరు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిది నాటికి ఆ ఉత్తరపు జిల్లాల కాలేజీలకు విజ్ఞానం ఇలాగే, తవుడు బస్తాల సరసన కూర్చుని వచ్చేది. దాన్ని మోసుకొచ్చేవాడి పేరు ఎవరికీ తెలీదు. అందరికీ ఆపరేటరే. చీకట్లో పనిచేసేవాడి ముఖం ఎవరు చూస్తారు?

శ్రీకాకుళం కాలేజీ హాలు కిటికీలకు హాస్టలు దుప్పట్లు కట్టించి, ఫిల్ము చుట్ట ఎక్కించాడు.

సముద్రపు వేట మీద డాక్యుమెంటరీ అది. వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉండడంతో లెక్చరర్లు ముందు వరసలో కునుకు తీసేవారు, కుర్రాళ్ళు వెనక ఈలలేసేవారు. శ్రద్ధగా చూసేది గేటు దగ్గర చేపలమ్మే కూర్మమ్మ ఒక్కతే. అందులో ఆమె మొగుడు దాలయ్య గళ్ళ లుంగీలో వల లాగుతూ వెనక్కి తిరిగి నవ్వుతాడు. ఆ ఫిల్ము తీసిన మరుసటేడే తుఫానులో పోయాడు. ఇంట్లో ఫొటో అయినా లేదు. అందుకే బొమ్మ వేసినప్పుడల్లా ఆమె దుప్పటి అంచెత్తి కిటికీలోంచి చూసేది. ఆట అయ్యాక "తిన్నావా బాబూ?" అని అప్పలసూరిని అడిగేదీ ఆమే.

కిందటిసారి ఇంకోటి అడిగింది. "ఒక్క పాలి ఆపు బాబూ. కళ్ళారా సూసుకుంతాను."

నడిచే ఫిల్మును ఆపితే దీపం వేడికి కాలుతుందని అతనికి తెలుసు. ఎంతసేపులే అనుకుని ఆపాడు. నవ్వు తెర మీద నిలిచింది. దాని మధ్య పొక్కు లేచి ముఖమంతా తినేసింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. కంగారులో చక్రం తిప్పితే ముందూ వెనకా చిరిగింది. పాడైనంత మేర కత్తిరించి చెత్తలో పారేసి, చివరలు అతికించి, "దీపం పోనాదమ్మా, అంతే" అన్నాడు. ఆమె నమ్మింది. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు అతనికి.

ఇవాళ మళ్ళీ దుప్పటి అంచు లేచింది. తెర మీద పడవ వచ్చింది, వల వచ్చింది, గెంతినట్టు ఒడ్డున చేపల కుప్ప వచ్చింది.

ఆట అయిపోయినా కూర్మమ్మ కదల్లేదు.

"ఏటి బాబూ, మా మావ ఈయాల రానేదు?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. నోరే సహకరించలేదు.

"నానే కాల్సీసినానమ్మా. నువ్వు ఆపమన్నావు కదా..."

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. నేరంలో సగం తీసి ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆమె ఖాళీ తెరకేసి చూసింది.

"సంద్రం నన్నడిగి తీసుకుపోనాదేటి? నువ్వు నానడిగితేనే కదా ఆపినావు. నా నోరే సేసినాదీ పని."

"నీ తప్పేటీ నేదమ్మా..."

"తిన్నావా?" అంది. జవాబు కోసం ఆగలేదు. తట్ట చంకనెత్తుకుని, చేపల కేకైనా వెయ్యకుండా గేటు దాటింది. ఆ తరవాత ఏ ఆటకీ రాలేదు.

ఆమె వెళ్ళగానే అప్పలసూరి దుప్పట్లు విప్పాడు. కిటికీ గట్టు మీద, ఆమె తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు ఉంది. పాత గళ్ళ లుంగీ పేలికలు మెలిపెట్టి చుట్టినది, ఉప్పునీటికి బిరుసెక్కినది, ఇంకా తడిగా.