తరుగు తీసిన బరువు

రూతక్క ఫోన్ చేసి "తమ్మీ, ఇంకో కిలో పోయిందిరా" అన్నప్పుడల్లా రాజేందర్‌కు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చేది. పోయిన వారమూ కిలో పోయింది, అంతకు ముందు వారమూ పోయింది. ఆ లెక్కన అక్క ఈపాటికి సగమైపోవాలి. కానీ ఆదివారం కేసముద్రంలో రైలెక్కి జనగామలో దిగే అక్క ఎప్పటి అక్కే. ప్లాట్‌ఫాం దాటేసరికి అదే ఆయాసం, చేతిలో అదే సంచి. సంచిలో పిల్లల కోసం తెచ్చిన పకోడీలు దారిలోనే సగమైపోయి ఉండేవి.

రాజేందర్ స్కూలు వ్యాను నడిపేవాడు. బీపీ ఉందని చెప్తే నవ్వి ఊరుకున్నాడు, అది రెండు కిడ్నీలూ తినేసింది. ఏడాది నుంచి వారానికి మూడుసార్లు దవాఖానలో డయాలసిస్ మిషను పక్కన పడుకోవడమే అతని పని. ఎవరైనా కిడ్నీ ఇస్తే తప్ప దారి లేదన్నారు. తల్లికి వయసైపోయింది. భార్య ప్రవళికది పనికి రాలేదు. రూతక్క ఒక్కతే "నేనిస్త, రాస్కోండి" అంది.

హైదరాబాదు డాక్టరు పరీక్షలన్నీ చూసి సరే అన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. ఆమె ఒళ్లు ఎక్కువుంది, ఇలాగే కోస్తే ఆమెకే ప్రమాదం, ఎనిమిది కిలోలు తగ్గించుకుని నాలుగు నెలల తర్వాత రమ్మన్నాడు. అంటే రాజేందర్ బతుకు ఇప్పుడు అక్క నడుం చుట్టూ ఉన్న ఆ ఎనిమిది కిలోల మీద ఆధారపడి ఉంది. వాటిని ఆమె ఎలా తగ్గిస్తోందో చూస్తుంటే అతనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

కేసముద్రం మార్కెట్ యార్డు గేటు పక్కన రూతక్కకు టిఫిన్ బండి ఉంది. భర్త యాకయ్య పిండి కలుపుతాడు, ఆమె పొయ్యి దగ్గర నిలబడుతుంది. బరువు తగ్గాలనగానే ఆమె చేసిన మొదటి పని పొద్దున తిండి మానేయడం. "పొద్దుగాల్నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టలే" అని గర్వంగా చెప్పేది. అబద్ధం కాదు, ఆమె లెక్క వేరు. కంచంలో పెట్టుకుని కూర్చుంటేనే తిన్నట్టు. పొయ్యి దగ్గర నిలబడి నోట్లో వేసుకున్నది తిండి కిందికి రాదు. విరిగిన బజ్జీ, పొంగని పూరీ, గిరాకీ లేక మిగిలిన ఉప్మా, వీటిని పారేస్తే పాపం తగులుతుంది కనుక పొట్టలో వేసుకునేది.

తర్వాత ఎవరో జొన్నరొట్టె మంచిదన్నారు. రెండు జొన్నరొట్టెలు తిని, చెయ్యి కడుక్కోకుండా అన్నం పెట్టుకునేది. "రొట్టె మందు లెక్క తిన్ననే, మరి అన్నం తినొద్దా?" అని ప్రవళిక మీదే ఎగిరింది. తేనె, నిమ్మకాయ నీళ్లు తాగమన్నారు. తేనె అంత మంచిదైనప్పుడు చెంచాతో ఎందుకని గరిటెతో పోసుకుంది. పొద్దున నడవమన్నారు. నడిచింది, కాదనలేం. స్టేషను దాకా నడిచి, అంత నడిచినందుకు అక్కడ పాల కోవా తిని ఆటోలో వచ్చింది.

అన్నింటికీ మించింది శ్రమల దినాల ఉపవాసం. ఈస్టర్‌కు ముందు నలభై దినాలూ సాయంత్రం దాకా ఏమీ ముట్టనని మొక్కుకుంది. రాజేందర్ మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. తీరా తెలిసిందేమిటంటే, ఆ దినాల్లో రోజుకొక ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. పాస్టరు గారి దగ్గర్నుంచి చిన్నపిల్లల దాకా అందరూ మోకాళ్ల మీద కూర్చుని, సహోదరి రూతు బరువు తగ్గించుము ప్రభువా అని కన్నీళ్లతో ప్రార్థిస్తారు. ఆమెన్ అనగానే ఆ ఇంటివాళ్లు పులిహోర, బొబ్బర్ల వడలు తెచ్చి, పొద్దున్నుంచీ ఉపవాసమున్న తల్లి అని ఆమెకే రెండింతలు వడ్డిస్తారు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారు.

"ప్రార్థన వాళ్లే చేస్తరు, పులిహోర వాళ్లే పెడ్తరు. దేవుడు ఎవరి మాట వినాలె అక్కా?" అని అరిచాడు రాజేందర్ ఫోన్లో.

"నువ్వు పరేషాన్ గాకు తమ్మీ. కాంటా మీద తగ్గుతున్న గద."

"ఏ కాంటా?"

"మా మార్కెట్ కాంటానే. లారీల సరుకు దాని మీదనే తూగుతది. అది తప్పు జెప్తదా?"

ఇక నమ్మక తప్పలేదు. వరంగల్, ఖమ్మం దాకా వ్యాపారులు నమ్మే కాంటా. ఆఖరికి ఓ రోజు "ఎనిమిది పోయినయ్‌రా" అని ఫోను వచ్చింది. ఆ పూట రాజేందర్ పిల్లల్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ప్రవళిక చాటుకెళ్లి కళ్లు తుడుచుకుంది.

హైదరాబాదు ఆసుపత్రిలో నర్సు అక్కను మిషను ఎక్కించింది. అంకె చూసింది. దిగి మళ్లీ ఎక్కమంది. నాలుగు నెలల కింద ఎంతుందో, దానికి కిలో ఎక్కువే ఉంది. డాక్టరు కోప్పడలేదు, అదే రాజేందర్‌కు ఎక్కువ బాధ కలిగించింది. ఇంకో మూడు నెలలు చూద్దాం, ఈలోగా డయాలసిస్ మానొద్దు అని కాగితం చేతికిచ్చి పంపాడు.

తిరుగు ప్రయాణంలో సికింద్రాబాదులో రైలెక్కారు. రైలు కదిలాక రాజేందర్ అడిగాడు.

"మార్కెట్ కాంటా మీద ఎంత సూపెట్టింది?"

రూతక్క కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "గదే సూపెట్టింది. కని హమాలి సక్రు తరుగు తీసిండు."

"ఏం తీసిండు?"

"తరుగురా. వడ్లు తూకమేస్తే తడికింత, తాలుకింత అని తీసేస్తరు గద. గట్లనే నా చీరెకింత, చెప్పులకింత, కడుపుల నీళ్లకింత. వారం వారం జర ఎక్వ తీసుకుంట వచ్చిండు. నేను బాధపడ్తున్నని పాపం."

రాజేందర్‌కు ఒళ్లంతా మండిపోయింది. రైతులు ఆ తరుగు పేరుతో ఎంత నష్టపోతారో యార్డు గేటు ముందు ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషి, దాన్నే తెచ్చి తమ్ముడి ప్రాణం మీద పెట్టింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోకుండా అరిచాడు.

"నీకు ఇయ్య బుద్ధి గాకపోతే ఇయ్యనని చెప్పు అక్కా! గీ నాటకాలెందుకు? నేను సచ్చేదాక తరుగు తీస్కుంట కూసుంటవా?"

ఎదురు సీట్లోని పెద్దాయన తల తిప్పుకున్నాడు. రూతక్క ఏడుస్తుందనుకున్నాడు రాజేందర్. ఆమె ఏడవలేదు.

"భయమైతందిరా" అంది మెల్లగా. "గా డాక్టర్ మొదటిసారి నా డొక్క మీద చెయ్యి పెట్టి, ఇక్కణ్నుంచి ఇక్కడి దాక కోస్తమన్నడు గద. అప్పటి సంది పొయ్యి ముందట నిలబడితే గదే యాదికొస్తది. నోట్ల ఏదన్న ఉంటె జర ధైర్నమనిపిస్తది. తగ్గాల్నని ఉంది, తగ్గితె కోస్తరని ఉంది. ఏం జేయాల్నో సమజైతలేదు."

"బావకు చెప్పినవా?"

"చెప్తే వద్దంటడు. నీకు చెప్తే నువ్వు వద్దంటవ్. గందుకే ఎవ్వరికి చెప్పలే."

రాజేందర్‌కు తన ఫోన్లు గుర్తొచ్చాయి. ఈ నాలుగు నెలల్లో ఫోనెత్తిన ప్రతిసారీ అతను అడిగింది ఒక్కటే, ఎన్ని కిలోలు పోయినయని. అక్కా, నీకెట్లుంది అని ఒక్కసారి కూడా అడగలేదు. కోపమంతా ఒక్కసారిగా తనవైపు తిరిగి, సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని అడిగాడు చివరికి.

"నిన్న పగటి సంది ఏం తినలే. మిషను మీద తక్వ రావాలని."

ఈసారి అది నిజమేనని మొహం చూస్తే తెలుస్తోంది. అతను తన సంచిలోంచి ప్రవళిక కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆకలి మీదున్న మనిషి, మూత తీసి పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"ప్రవళిక ఉప్పు మర్చిపోయింది."

"మర్వలే. నాకు గట్లనే వండుతది."

"గీ కూరేంది, గడ్డి తిన్నట్టుంది?"

"ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తది. కారం గూడ ఎయ్యదు."

"రోజు గిదే తింటున్నవా?"

"ఏడాది సంది."

రూతక్క డబ్బాలోకి చూసింది. ఆదివారం ఆదివారం అతని ఇంటికొచ్చి, పిల్లలతో కూర్చుని వేడి వేడి కోడికూర తిని వెళ్లిన మనిషి. తమ్ముడు ముందే తిన్ననంటే నమ్మేది. ఇప్పుడు మళ్లీ ముద్ద కలిపింది. ఒక్కో ముద్దా కష్టం మీద మింగుతూ, అడుగున మెతుకు మిగలకుండా తింది.

"రేపటి సంది మీ ఇంట్లనే ఉంట" అంది చెయ్యి కడుక్కొచ్చి. "బండి మీ బావ చూసుకుంటడు. ప్రవళికను నాకు కొలిచి పెట్టుమను. దవాఖానల మిషను ఉంటది గద, దాని మీద తూగుత."

"అక్కా, భయమైతే వద్దులే. ఇంకేదన్న చూద్దం."

"సూసినవా? అంటవని నాకు తెల్సు!" అని గయ్యిమంది రూతక్క. బోగీలో సగం మంది ఇటు తిరిగారు. "నా భయం నేను పడుత. వద్దనేటందుకు నువ్వెవనివిరా? ఇంకోపాలి గా మాటన్నవంటే పండ్లు రాలగొడ్త."

అతని చెయ్యి లాక్కుని తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుంది. జనగామ వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు.