కొలబద్ద మునిగిన పూట

"గిన్నె నిండా పొయ్యకు కోడలా, సగమే పొయ్యి. నిండా పోస్తే వచ్చినవాళ్ళని త్వరగా లేవమన్నట్టుంటుంది," అంది అత్తగారు తాజిగుల్, అతిథుల ముందే.

ఆ మర్యాద బూరుల్‌కి తెలియక కాదు. చేతులు టీ గిన్నె మీదున్నా చెవులు ఏటి మీదున్నాయి. మూడు రోజులుగా వాన తెరిపివ్వలేదు. మరిది పెళ్ళిమాటలకి వచ్చినవాళ్ళు పొద్దుటినుంచీ గుర్రం మాంసం, వేయించిన బోర్సోక్ రొట్టెలు తింటూ కూర్చున్నారు. ఏటి అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు ఇంటిదాకా వస్తోంది. వాళ్ళలో ఒక్కరికీ వినిపించదేం?

ఏటి ఒడ్డున జిల్లా ఆఫీసువాళ్ళు పాతిన కొలబద్ద ఉంది. రోజూ రెండుపూటలా దాని మీద నీటిమట్టం చూసి ఫోన్లో చెప్పే ఉద్యోగం ఆమె భర్త ఎర్నిస్‌ది. చెప్పడం అతనిది, చూడడం బూరుల్‌ది. పెళ్ళయిన మొదటి చలికాలంలో జలుబు చేసి, "ఈ ఒక్కపూటా వెళ్ళి చూసిరా" అన్నాడు. ఆ ఒక్కపూట తొమ్మిదేళ్ళు సాగింది. నెలలు నిండినప్పుడూ ఆమే, పురుడై నలభై రోజులు కాకముందూ ఆమే, మంచు మీద జారి మణికట్టు విరిగిన మర్నాడూ ఆమే. "ఎటూ నీళ్ళకి వెళ్తావుగా, కళ్ళు కాస్త అటు తిప్పితే అరిగిపోతాయా?" అనేవాడు. అదొక పని అని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. కొన్నాళ్ళకి ఆమె కూడా అనుకోవడం మానేసింది. ఊళ్ళో ఎవరైనా ఏటి సంగతి అడిగితే మాత్రం ఎర్నిస్ గొంతు సవరించుకుని, తనే తడిసి వచ్చినట్టు చెప్పేవాడు.

బూరుల్ బకెట్ పట్టుకుని ఒడ్డుకి పరిగెత్తింది. కొలబద్ద కొస రెండు వేళ్ళంత మాత్రమే పైకి కనిపిస్తోంది. తడిబట్టలతోనే వచ్చి భర్త పక్కన వంగింది.

"ఏమండీ, కొలబద్ద మునిగిపోతోంది. ఫోన్ చెయ్యండి."

"పొద్దున్నే చేశాగా."

"నన్ను అడగందే ఏం చెప్పారు?"

"నిన్నటిదే చెప్పా. ఒక్క రాత్రిలో కొంపలేం మునుగుతాయి?" అని అతిథుల వైపు తిరిగి, "మా ఆవిడకి ఏరు చెవిలో ఊదుతుంది లెండి," అన్నాడు. అందరూ నవ్వారు. తాజిగుల్ ఇంకా గట్టిగా నవ్వింది.

పశువుల పాకలోకి వెళ్ళి బూరుల్ తనే ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఎర్నిస్ గారికివ్వమ్మా," అన్నాడు అవతలి గుమాస్తా.

"నేను కళ్ళారా చూసొచ్చాను. కింది వీధిని ఖాళీ చేయించండి."

"మీరు చూస్తే ఎలా? ఆయన చెప్తేనే రాసుకుంటాం. పొద్దున అంతా మామూలుగానే ఉందన్నారే!"

ఆమె ఫోన్ పెట్టేసింది. తొమ్మిదేళ్ళుగా వీళ్ళు రాసుకుంటున్నది ఎవరి కళ్ళు చూసినదాన్ని? ఇంకెవరిని బతిమాలాలి? కూతురు మీరిమ్‌ని చంకనేసుకుని గుమ్మం దాటింది.

"టీ ఎవరు పోస్తారే?" వెనకనుంచి తాజిగుల్ అరిచింది.

"మీ అబ్బాయికీ చేతులున్నాయి అత్తమ్మా. మీరూ లేవండి, ఏరు పొంగుతోంది!"

కింది వీధిలో మొదటి ఇల్లు ముసలి ఉమ్సునాయ్‌ది. మగ్గం ముందునుంచి లేస్తూ, "ఆఫీసువాళ్ళు చెప్పారా?" అనడిగింది.

"లేదు. నేను చెప్తున్నా."

"అయితే పద. రోజూ ఒడ్డున కనిపించేది నువ్వేగా!"

ఇంటింటి తలుపూ కొట్టారు ఇద్దరూ. ఆడవాళ్ళు కలిపిన పిండి కలిపినట్టే వదిలేసి, పిల్లల్నెత్తుకుని, ఆవుల్ని తోలుకుని మిట్ట మీది బడికి ఎక్కారు. మగవాళ్ళు కొందరు తిట్టుకుంటూ వెనక వచ్చారు. చీకటి పడకముందే ఏరు గట్టు తెంచుకుంది. పదకొండు ఇళ్ళు బురదలో కలిసిపోయాయి. మనిషి ఒక్కరూ పోలేదు. ఎర్నిస్, తాజిగుల్, అతిథులు పెరట్లోకి నీళ్ళొచ్చాక మోకాలి లోతు బురదలో పడుతూ లేస్తూ బడికి చేరారు.

మూడో రోజున జిల్లా ఆఫీసు అధికారి కాగితాలతో వచ్చాడు. బూరుల్ ఇంట్లోంచి బురద ఎత్తిపోస్తోంది.

"సమయానికి ఊరిని లేపారట. గొప్ప పని చేశారు ఎర్నిస్ గారూ!"

"ఎంతైనా మన ఉద్యోగం కదండీ," అన్నాడు ఎర్నిస్ తల వంచుకుని.

"పైవాళ్ళకి నివేదిక పంపాలి. ఆ రోజు నీళ్ళు ఏ గంటకి ఎంత పెరిగాయి? కొలబద్ద ఎప్పుడు మునిగింది?"

ఎర్నిస్ అలవాటుగా భార్య వైపు చూశాడు.

"చెప్పవే, అలా నిలబడతావేం? మగాడు అడుగుతున్నాడు కదా," అంది తాజిగుల్.

బూరుల్ పార గోడకి ఆనించింది. చేతుల బురద గౌనుకి తుడుచుకుని అధికారి ముందుకొచ్చింది.

"ప్రతి గంటదీ చెప్తాను," అంది. "ముందు 'చూసినవారు' అన్నచోట ఆయన పేరు కొట్టేసి, బూరుల్ అని రాయండి."