బండిలో ప్రాణులు

చెక్‌పోస్టు దగ్గర కోళ్ల లారీ ఆపిన పశువుల శాఖ ఇన్‌స్పెక్టరు మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. అన్యాయం చెయ్యడానికి చెడ్డవాళ్లే అక్కర్లేదు.

ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి ఒక కోడి రొమ్ము తాకి చూశాడు. "నిప్పులా కాలిపోతోంది కదయ్యా! పెట్టెకి పది అని చట్టం చెబుతుంటే పదహారు కుక్కుతారా? ఇవి రాళ్లా, ప్రాణులా?" అని కాంట్రాక్టరు తరఫున లారీలో వచ్చిన మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు. పెట్టెలన్నీ నీడలోకి దింపించాడు. డ్రమ్ముతో నీళ్లు తెప్పించి తొట్లలో పోయించాడు. దింపింది ఎవరు? ఆ పెట్టెల మీదే కూర్చుని వచ్చిన ముఠావాళ్లు ఆరుగురు. తెల్లారకముందే ఫారంలో కోళ్లు పట్టి, లోడు చేసి, ఆ లోడు పైనెక్కి ప్రయాణం చేసి, కోళ్లు కోసే ఫ్యాక్టరీలో దింపేది కూడా వాళ్లే. వాళ్లకి వేరే బండి పెట్టడం కాంట్రాక్టరుకి దండగ.

ముఠాకి పెద్ద అక్క. అందరికీ అక్కే, సొంత చెల్లి ఒక్కతే. ఆ చెల్లికి రెండ్రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంది.

చెల్లి అయిదో తరగతి దాకా చదివింది. ముఠాలో అక్షరం ముక్క వచ్చింది ఆమెకొక్కదానికే. కిందటి వారం లారీ డోరు మీద ఎవరో పచ్చకాగితం అంటించి పోతే కూడబలుక్కుని చదివింది: "ఈ వాహనమున ప్రయాణించు ప్రాణులకు తగినంత నీరు, నీడ, గాలి కల్పించవలెను. మార్గమధ్యమున విశ్రాంతి ఇవ్వవలెను."

"ప్రాణులంటే కోళ్లేమోనే," అంది అక్క అనుమానంగా.

"కోళ్లు ప్రయాణిస్తాయా అక్కా? వాటిని తీసుకెళ్తారు. ప్రయాణించేది మనం!"

అందరికీ ఆ మాట నచ్చింది. ముఠాలో అందరూ మామా అని పిలిచే ముసలాయన పకపకా నవ్వాడు. "ఇన్నేళ్లకి మనం కూడా ప్రాణంతో ఉన్నామని తెలిసిందన్నమాట సర్కారుకి!" ఆ వారమంతా వాళ్ల నడకే మారిపోయింది.

అందుకే చెల్లి చెక్‌పోస్టులో గ్లాసు పట్టుకుని ధైర్యంగా డ్రమ్ము దగ్గరికెళ్లింది.

"చెయ్యి తియ్!" అని అరిచాడు మేస్త్రీ. "అవి కోళ్ల నీళ్లు!"

చెల్లి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మాకూ రూలుంది కదా సార్? ప్రయాణించు ప్రాణులకని రాశారు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక డ్రైవరు నవ్వాడు, మేస్త్రీ నవ్వాడు, గేటు దగ్గర కాపలావాడు కూడా నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "అది కోళ్ల చట్టం అమ్మా," అన్నాడు మెత్తగా. "ఆమెకీ కాసిని నీళ్లివ్వవయ్యా," అని మేస్త్రీకి చెప్పి వెనక లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు మరో మాట కూడా చెప్పాడు, కోళ్లకి ఎండ తగలకుండా పట్టా కప్పమని. ఆ పట్టా ముక్క అప్పటిదాకా ముఠావాళ్ల నెత్తిన ఉంది.

మేస్త్రీ పెట్టెలు మళ్లీ లోడు చేయించి, పట్టా లాక్కుని కోళ్లకి కప్పించాడు. "ఎక్కండెక్కండి, ఇప్పటికే ఆలస్యం!" నీళ్ల సంగతి మళ్లీ ఎవరు ఎత్తారు కనక!

ఎండ మాడు పగలగొడుతోంది. చెల్లి అక్క ఒళ్లో తల పెట్టుకుంది. దాహం గురించి ఒక్క మాట అనలేదు. "తప్పు చదివాను కదక్కా," అంది. "అందర్నీ నవ్వులపాలు చేశాను."

"నోర్మూసుకుని పడుకోవే," అంది అక్క. తర్వాత బతికినన్నాళ్లూ అక్కకి గుండెల్లో గుచ్చుకున్న మాట అదే. కాసేపటికి చెల్లికి చెమట పట్టడం ఆగిపోయింది, ఒళ్లు నిప్పులా కాలిపోతోంది. అక్క కేబిన్ కప్పు మీద దబదబా బాదింది. మామ గొంతు చించుకున్నాడు. లారీ ఆగలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగేసరికి అంతా అయిపోయింది.

మేస్త్రీ మొహంలో రంగు మారింది గానీ బుర్ర మాత్రం బాగానే పనిచేసింది. "ఆటో పిలిపిస్తా. ఇంటికి తీసుకుపొండి. జ్వరంతో ఇంట్లోనే పోయిందని చెప్పండి. బండి మీద మనుషులు ఎక్కలేదు, తెలిసిందా?"

అక్క లారీ ముందు చక్రానికి అడ్డంగా కూర్చుంది, చెల్లిని ఒళ్లో పెట్టుకుని. "ఇది ఈ బండి మీదే చచ్చిందని ఎవరైనా కాగితం మీద రాసేదాకా లేవను."

ముఠా అంతా ఆమె పక్కన కూలబడింది. లోపల కోళ్లు కోసేవాళ్లు నలభైమంది చేతులు కడక్కుండానే బయటికొచ్చారు. వెనక మిగతా కోళ్ల లారీలు, పైన వాటి ముఠాలతో సహా, బారులు తీరాయి. "ఎండకి కోళ్లు చస్తే కేసు మీ మీదే!" అని మేస్త్రీ బెదిరించాడు.

"చావనియ్యండి!" అని కోతవాళ్లలో ఎవరో అరిచారు.

"వద్దు," అంది అక్క. "దింపి నీడలో పెట్టండి. నీళ్లు పోయండి. అవేం చేశాయి పాపం?"

అలాగే దింపారు. ఫ్యాక్టరీలో ఖాళీ పెట్టెలు తెచ్చి, పెట్టెకి పది చొప్పున సర్ది, అన్నిటికీ నీళ్లు పెట్టారు. ఒక్క పెట్టె కూడా లోపలికి మాత్రం పోనివ్వలేదు.

పోలీసులొచ్చి మేస్త్రీ చెప్పిందే రాసుకున్నారు, ఇంట్లో పోయిందని. అప్పుడు మామ చెక్‌పోస్టు దాకా వెళ్లి ఇన్‌స్పెక్టర్ని పిలుచుకొచ్చాడు. ఆయన చెల్లిని చూస్తుండగానే, "ఈ బండి మీదే పోయిందని మీరైనా రాయండి," అంది అక్క.

"మనిషి చావు రాసే అధికారం నాకు లేదమ్మా. నా దగ్గరున్నది కోళ్ల లెక్క రాసే కాగితమే."

"అందులో ఏముంది?"

"మార్గమధ్యంలో చనిపోయిన ప్రాణులు... ఇన్ని అని." ఆయన కాగితం తీసి చూశాడు. "పదకొండు తేలాయి."

"పన్నెండు రాయండి," అంది అక్క.

జనంలో గొడవ లేచింది. "తోడబుట్టినదాన్ని కోళ్లలో కలిపి రాయిస్తావా?" అని మామ ఏడుపు పట్టలేక కేకలేశాడు. "నీకసలు సిగ్గుందా?"

"లేదు మామా! మనిషినని అడిగితే గుక్కెడు నీళ్లివ్వలేదు దానికి. మనిషిగా రాయమంటే ఇంట్లో పోయిందంటున్నారు. కోడిగానైనా రాయనీ. ఈ బండి మీద చచ్చిందని నాకు కావాలి!" అని అక్క బావురుమంది.

ఇన్‌స్పెక్టరు లారీ నంబరు, తేదీ, టైము వేసి, పన్నెండు అని రాసి సంతకం పెట్టాడు. కింద వివరంలో, ఎవరూ అడక్కుండానే, "పదకొండు కోళ్లు, ఒక స్త్రీ" అని చేర్చాడు. ఆయన ఉద్యోగం ఆ తర్వాత ఎన్నాళ్లుందో మనకి తెలీదు.

సాయంత్రానికి అక్కని వ్యానెక్కించారు. బండ్లకి అడ్డుపడినందుకు ఒక కేసు. కోళ్లని ఎండలో నిలబెట్టి హింసించినందుకు ఇంకో కేసు. చెల్లిని సాగనంపే దాకా ఉండనివ్వమని కాళ్లావేళ్లా పడింది. ఉండనివ్వలేదు. కాగితం మాత్రం అప్పటికే మామ చేతికి చేరిపోయింది.

మామకి చదవడం రాదు. ముఠాలో ఇంకెవరికీ రాదు. కోతవాళ్లలో ఒకతను అందుకుని పైకి చదివాడు. లారీల వరస పొడుగునా ఒకరి నోటి నుంచి ఒకరికి పాకిపోయింది ఆ మాట, పదకొండు కోళ్లు, ఒక స్త్రీ.

వ్యాను జాలీలోంచి అక్క చూస్తూనే ఉంది. ముందు రెండో లారీ మీంచి ఒక ముసలమ్మ తాడు పట్టుకుని దిగింది. ఆమె వెనకే ఇద్దరు. తర్వాత వెనక లారీ మీంచి, దాని వెనక లారీ మీంచి. ఎండకి కమిలిన మొహాలతో అందరూ రోడ్డు మీదికి దిగి చెల్లి దగ్గరికి నడిచారు. ఎక్కండి, ఎక్కండని మేస్త్రీలు ఒకటే అరుపులు.

ఎవరూ ఎక్కలేదు.