పాదు జోలికి వెళ్ళకు

అమీర్‌పేటలో ఆ రోజుల్లో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డులే. యేసుమణి ఇంటి గోడ మీద మాత్రం రాధామనోహరం అల్లుకుంది. అక్కడితో ఊరుకోక పక్కింటి డాబా పిట్టగోడ కూడా ఎక్కింది. పక్కిల్లు జానకీదేవిది. ఆ తీగను చూస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

అసలు కారణం పైకి చెప్పుకునేది కాదు. రోజూ తెల్లారగానే ఆవిడ పిట్టగోడ మీంచి చేయి చాచి, దేవుడికని ఆ పూలే గుత్తులు గుత్తులుగా తుంచుకునేది. ఒకరోజు తేనెటీగ కుట్టి బొటనవేలు బూరెలా ఉబ్బింది. దొంగపూలకు వెళ్ళి కుట్టించుకున్నానని ఎలా చెబుతుంది? "ఆ చర్చి ఆవిడ కావాలనే ఈగల్ని మేపుతోంది" అని వీధంతా చాటింది.

డాబా మీద ఆవిడ ప్రాణం ఇంకొకటుంది. సిమెంటు తొట్టెలో ఆనప, అంటే సొరతీగ. చనిపోయిన తల్లి తణుకు నుంచి పంపిన గింజల్లో ఆఖరివి అవి. నాటేముందు యేసుమణి రెండు గింజలు అడిగితే "అయిపోయాయండీ" అని మొహం మీదే అబద్ధమాడి, ఉన్న నాలుగూ తన తొట్టెలోనే కుక్కింది. ఒక్కటే మొలిచింది. పోయినేడు నాటిన తీగకు పూతంతా రాలిపోయింది గానీ, ఈసారి ఒక్క కాయ నిలిచింది. దాన్ని విత్తనానికి వదిలేసింది. అది ముదిరి ఎండితేనే అమ్మ ఆనప ఉంటుంది, లేకపోతే లేదు.

"ఈ దరిద్రపు తీగ కొట్టిస్తారా, నన్నే కొట్టించమంటారా?" అందొక సాయంత్రం గోడ మీంచి.

యేసుమణి ఎర్రమంజిల్ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చింది. "జర ఆలోచించున్రి జానకమ్మా. పొద్దుగూకినంక మా పూలకొచ్చే పెద్ద రెక్కల పురుగులే మీ ఆనపపూల మీద సుత వాలుతున్నయి. గందుకే మీకు కాయ నిలిచింది."

"మీ పురుగుల దయ మాకేం అక్కర్లేదు. అది మా అమ్మ చలవ."

మర్నాడే పెంటయ్యను పిలిపించింది. చెట్లు కొట్టడమే అతని పని. డాబా ఎక్కించి, "ఇక్కడున్న తీగంతా కొమ్మ మిగలకుండా కోసెయ్. ఆనపపాదు జోలికి మాత్రం వెళ్ళకు" అని రెండుసార్లు చెప్పి, కళ్ళ డాక్టరు దగ్గరికని పంజాగుట్ట వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చౌరస్తాలో ఆటో ఎంతకీ కదలకపోయినా ఆవిడకు విసుగు రాలేదు. యేసుమణి మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుంటూ హాయిగా కూర్చుంది.

డాబా మీద ఆకు లేదు. రాధామనోహరం గుట్టలో ఆనపతీగ కూడా పడి ఉంది, దాని కింద కాయ.

"ఓరి నీ చేతులు పడిపోనూ! పాదు జోలికి వెళ్ళొద్దన్నానా?"

"పోలేదమ్మా!" పెంటయ్య తొట్టె చూపించాడు. "తీగలే కోసిన. పాదు గట్లనే ఉన్నది. నీళ్లు సుత పోసిన."

గోదావరి వాళ్ళకు పాదంటే తీగా, పువ్వూ, కాయా అంతా కలిపి. పెంటయ్యకు పాదంటే మొక్క మొదట్లో నీళ్ళు నిలిచే మన్ను. ఆ మన్నును అతను నిజంగానే ముట్టుకోలేదు. జానకీదేవి వంటింట్లోకి పరిగెత్తి కత్తి తెచ్చి కాయను చీల్చింది. లోపల గింజలు పాలగింజలు. వేళ్ళ మధ్య నొక్కితే నీరై కారిపోయాయి. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు విని యేసుమణి తన డాబా ఎక్కింది. బోసిపోయిన పిట్టగోడనూ చూసింది, జానకీదేవి ఒళ్ళో కాయ చెక్కలనూ చూసింది. ఆమెకు జాలి కలగలేదు.

"నా తీగకు కింద వేరుంది, వాన పడితే మళ్ల లేస్తది," అంది. "ఆ దినం నాకు రెండు గింజలిచ్చి ఉంటే, మీ అమ్మ ఆనప సుత గోడకు ఇవతల బతికుంటుండె."

జానకీదేవి ఎదురుగా తొట్టెలో, పెంటయ్య పోసిన నీళ్ళు పాదులోకి మెల్లగా ఇంకుతున్నాయి.