లెక్కలో లేని మొదటి పెట్టె

శుక్రవారం ఉదయం 10 గంటల 15 నిమిషాలకు రోజా టమోటా ఊరగాయ మూడు ఆన్‌లైన్ దుకాణాల్లోనూ ఒకేసారి అయిపోయింది. అదే సమయానికి పుంగనూరు గోదాములో ముప్పై ఏడు పెట్టెలు ఉన్నాయి.

రోజా మదనపల్లెలో ఊరగాయ పెడుతుంది. పెట్టెకు మూడు సీసాలు. ఇంట్లో స్థలం చాలక జనవరి నుంచి సరుకును పుంగనూరులో ఒక కిరాయి గోదాముకు పంపుతోంది. సరుకు దించుకోవడం, పార్సిలు కట్టడం, కొరియర్‌కు ఇవ్వడం ఆ గోదాములో రంగప్ప పని. ఏ దుకాణంలో పెట్టె అమ్ముడైనా మూడింటిలోనూ స్టాకు తగ్గాలి. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను కుప్పంలో ఉండే హేమంత్ రాసిచ్చాడు.

మూడింటిలో పెద్ద దుకాణం ఆ శుక్రవారం సేల్ పెట్టింది. శనివారం మధ్యాహ్నం రెండు వరకు గడువు. నిబంధనలు రెండు. సరుకు లేదని ఆరు గంటలు చూపితే మొదటి పేజీ నుంచి తీసేస్తారు. తీసుకున్న ఆర్డరు ఒక్కటి రద్దు చేసినా తీసేస్తారు. మొదటి పేజీకి రావడానికి రోజాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆమెకు సాయంత్రం 4:15 వరకు సమయం ఉంది. తర్వాతి లోడు సోమవారం.

ఆమె రంగప్పకు ఫోన్ చేసింది.

"రంగప్పన్నా, సరుకు అయిపోయిందా?"

"యాడమ్మా అయిపోయింది? గోడ పక్కన నా ఎత్తు ఉండాది."

"సిస్టంలో సున్నా చూపిస్తాండాది."

"సిస్టం ఆ కుప్పం అబ్బిది. గోడను నేను సూస్తాండా కదా."

రోజా హేమంత్‌ను పుంగనూరు రమ్మని చెప్పి, ఎల్లప్ప ట్రాలీ ఆటో ఎక్కింది. లోడు తీసుకెళ్లేది ఎల్లప్పే. జనవరి నుంచి అతను ముప్పై ఏడు లోడ్లు వేశాడు. ప్రతిసారీ మదనపల్లెలో అరవై పెట్టెలు ఎక్కాయి. ప్రతిసారీ సిస్టంలో యాభై తొమ్మిది చేరాయి. ప్రతిసారీ రోజా అతనికి ఫోన్ చేసి, ఒకటి ఏమైందని అడిగింది. పదో లోడు తర్వాత హేమంత్‌కు చెప్పి, చేత్తో స్టాకు మార్చే వీలు తీసేయించింది. బండిలో వచ్చి, గోదాము గుమ్మంలో రంగప్ప వేలిముద్రతో తెరుచుకునే స్కానరు కింద పడితేనే అది స్టాకు. ఇరవయ్యో లోడు నుంచి, సరుకుకు కట్టిన తాడు ముడి మీద సంతకం చేసిన కాగితం అంటించింది. అయినా ఒకటి తగ్గింది.

"లోడుకు మూడు సీసాలు తినుంటే ఈపాటికి నన్ను ఆస్పత్రిలో సూసుందురమ్మా," అన్నాడు ఎల్లప్ప దారిలో.

"నేనేమన్నా అన్నానా ఇప్పుడు?"

"ఇప్పుడు అన్లేదు. ముప్పై ఏడు సార్లు అన్నారు."

11:40కి గోదాము చేరారు. పెట్టెలు గోడ పక్కన వరుసగా ఉన్నాయి. ఒక్కో పెట్టె మీద పసుపు బొట్టు ఉంది. ఎల్లప్ప వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ముప్పై ఏడు," అన్నాడు. "ఇయ్యే నేను తిన్నవి."

రోజా రంగప్ప వైపు తిరిగింది.

రంగప్ప వయసు అరవై రెండు. గోదాముకు రాకముందు ముప్పై ఏళ్లు చింతపండు మండీలో బస్తాల లెక్క చెప్పాడు. అక్కడ మొదటి బస్తాను ఒకటి అనరు. లాభం అంటారు. తర్వాతది రెండు. గోదాములోనూ అతను అలాగే చేశాడు. ప్రతి లోడులోనూ మొదటి పెట్టెను దించి, లాభం అని, గోడ పక్కన పెట్టి బొట్టు పెట్టాడు. రెండు అంటూ స్కానరు పట్టాడు. నోటి లెక్క అరవై దగ్గర ఆగింది, మిషను లెక్క యాభై తొమ్మిది దగ్గర. మిషను తెరను అతను ఏ రోజూ చూడలేదు.

"మొదటిదానికీ ఆ మిషను పెట్టొచ్చు కదన్నా?" అంది రోజా.

"పెడితే సరుకైపోతాదమ్మా. ఇంక లాభం యాడుంటాది?"

"నాకు ఒక్క మాట చెప్పుండొచ్చు కదా."

"మీరు అడిగిందెప్పుడు? దినామూ ఎల్లప్పనే అడిగితిరి."

హేమంత్ వెంకటగిరికోట, పలమనేరు మీదుగా బండి మీద 1:35కి వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే గోడ చూశాడు. ల్యాప్‌టాప్ తెరిచి పాత లోడ్ల వివరాలు చూపించాడు. రంగప్ప కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇదేందప్పా, మొదటి వరసకు సున్నా అని ఉండాదే?"

"కంప్యూటర్లో లెక్క సున్నాతో మొదలైతాదన్నా. అది మా పద్ధతి."

"ఉండే పెట్టెను పట్టుకుని సున్నా అంటావా?"

"పెట్టె లెక్కలో ఉంటాదన్నా. పేరే సున్నా."

"నేను లాభం అంటాండా. ఎవురిది మేలు?"

హేమంత్ హెల్మెట్ తీశాడు. చేత్తో స్టాకు మార్చే వీలు మళ్లీ తెరవాలంటే పెద్ద దుకాణం అనుమతి కావాలని, అందుకు రెండు రోజులు పడుతుందని చెప్పాడు. మిగిలింది స్కానరే. రంగప్ప వేలు పెట్టనన్నాడు. లాభం గోడ పక్కన ఉన్నందుకే ఆర్నెల్లుగా ఈమె సరుకు ఆగకుండా పోతోందని అతని వాదన. 2:20 అయింది. 2:40 అయింది. రోజా పెట్టెల ఎదురుగా పీట మీద కూర్చుంది.

"అన్నా," అంది, "ఈ పెట్టెలు బయట నుంచి బండిలో వస్తే ఏం చేస్తావు?"

"బండిలో వస్తే లోడు కదమ్మా. దించుకుంటా."

"మొదటిది?"

"లాభం."

"తక్కినవి?"

రంగప్ప గోడ పక్కనున్న పెట్టెల వైపు చూశాడు.

"తక్కినవి సరుకే," అన్నాడు.

3:05కి ముప్పై ఏడు పెట్టెలూ ఎల్లప్ప ఆటో ఎక్కాయి. బజారు చుట్టి పది నిమిషాల్లో రమ్మని రోజా చెప్పింది. 3:25కి అతను రాలేదు. ఆమె ఫోన్ చేసింది.

"బస్టాండు కాడ టీ తాగుతాండానమ్మా."

"ఎల్లప్పా, టైము లేదు."

"లోడు ఎక్కినాక నాకి తినే అలవాటు ఉండాది కదమ్మా. దినామూ మీరే సెప్తిరి."

"తప్పు నాదే. రాప్పా."

"ఇంకోసారి సెప్పండమ్మా, బస్సు హారన్లో ఇనపడ్లేదు."

ఆమె ఇంకోసారి చెప్పింది. 3:41కి ఆటో గుమ్మం ముందు ఆగింది. రంగప్ప బండి నంబరు అడిగి, హేమంత్ చేత మిషనులో కొట్టించాడు. మొదటి పెట్టె దించి, లాభం అన్నాడు. దాన్ని గోడ పక్కన పెట్టాడు. రెండు నుంచి ముప్పై ఏడు వరకు స్కానరు పట్టాడు. 3:58కి పని ముగిసింది. హేమంత్ సాఫ్ట్‌వేర్ పావుగంటకోసారి మూడు దుకాణాలకూ స్టాకు చెబుతుంది. నాలుగు గంటలకు మూడింటిలోనూ ముప్పై ఆరు అని కనిపించింది.

శనివారం 11:02కి ఒక చిన్న దుకాణంలో ముప్పై ఆరో పెట్టె అమ్ముడైంది. ఆ సంగతి మిగతా దుకాణాలకు తెలిసేది 11:15కి. 11:09కి పెద్ద దుకాణంలో కలికిరి నుంచి సరోజమ్మ అనే ఆమె ఒక పెట్టె కొన్నది. హేమంత్ రోజాకు ఫోన్ చేశాడు. రోజా రంగప్పకు ఫోన్ చేసింది.

"అన్నా, ఒక్కటి తక్కువొచ్చింది."

"ఈసారి ఎల్లప్ప రాలేదే ఈడికి."

"రద్దు చేస్తే మొదటి పేజీ పోతాదన్నా. ఆ గోడ పక్కనది..."

"లాభాన్ని అమ్ముతారామ్మా యాడన్నా?"

రోజా ఫోన్ పెట్టేయలేదు.

"కొన్నామె పేరేందమ్మా?"

"సరోజమ్మ. కలికిరి."

"నేనైతే అమ్మను. ఆయమ్మకు ఇస్తాండా," అన్నాడు రంగప్ప. "మీరు ఏమన్నా రాసుకోండి."

ఆ పెట్టెకు స్కానరు పట్టలేదు. చిరునామా చేత్తో రాశాడు. పసుపు బొట్టు తుడవలేదు. 1:20కి కొరియర్ మనిషి ముప్పై ఏడు పార్సిళ్లకు సంతకం చేసి తీసుకెళ్లాడు. రెండు గంటలకు సేల్ ముగిసింది. రోజా ఊరగాయ మొదటి పేజీలో నాలుగో వరుసలో ఉంది. కుప్పంలో హేమంత్ తెర మీద స్టాకు మైనస్ ఒకటి అని ఉంది.

సోమవారం ఉదయం మదనపల్లెలో ఎల్లప్ప ఆటోకు అరవై పెట్టెలు ఎక్కాయి. ముడి మీద కాగితం అంటించలేదు. 9:50కి పుంగనూరులో సరుకు దిగింది. సిస్టంలో యాభై తొమ్మిది చేరాయి. రోజా ఎల్లప్పకు ఫోన్ చేయలేదు.