ఇంటర్వ్యూ పూట మూగబోయిన కంప్యూటర్

కంప్యూటర్‌కి నోరు పడిపోయింది. అదీ సరిగ్గా ఇంటర్వ్యూకి పావుగంట ముందు!

ఇది అత్తగారి పనే, సందేహం లేదు అనుకుంది కోడలు. పొద్దున్న ఆ బల్ల తుడిచింది ఆవిడే మరి.

"అత్తయ్యా, ఇక్కడ వైర్లేమైనా కదిపారా?"

"నేనెందుకు కదుపుతానమ్మా? నాకేం పని?" అంది అత్తగారు వంటింట్లోంచి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే! ఏదో వాసన పట్టేసింది ఈవిడ.

దూరపు ఊళ్ళో ఆసుపత్రి, ల్యాబ్‌లో ఉద్యోగం. పెళ్ళయి ఆరేళ్ళు ఇంటిపట్టునే ఉన్నాక వచ్చిన మొదటి పిలుపు. ఇది జారిపోతే మళ్ళీ పిలిచేదెవరు? అత్తగారి చెవిన పడితే సాగనివ్వదని, ఆర్డరు చేతికొచ్చేదాకా గుట్టుగా ఉంచుదామనుకుంది.

స్పీకరు దీపం వెలుగుతూనే ఉంది. వైరు పీకి మళ్ళీ గుచ్చింది. వాల్యూం వందకి లాగింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ఊహూఁ, కిక్కురుమంటే ఒట్టు!

ఇంతలో తెరమీద పెద్ద డాక్టరమ్మ ప్రత్యక్షమైంది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు.

"ఆఁ, వినబడుతోందమ్మా! చక్కగా వినబడుతోంది!" వంటింట్లోంచి అత్తగారి కేక.

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా సౌండు ఎటు పోతోందో చూపించే జాబితా తెరిచింది. స్పీకరు దగ్గర ఉండాల్సిన టిక్కు 'చెవి మిషను' పక్కన ఉంది. మొన్న ఆదివారం మొగుడు తల్లి చెవి మిషను పట్టుకుని గంటసేపు దీని ముందు కూర్చున్నది ఇందుకన్నమాట, ఆవిడ పాటలు వినడానికి. బ్లూటూత్‌తో కలిపానని ఒక్క ముక్క చెబితేగా మహానుభావుడు!

టిక్కు స్పీకరుకి మార్చేలోగా అత్తగారు గుమ్మంలోకి వచ్చేసింది.

"సోమవారం నుంచి ఒక్కదానివీ అక్కడి క్వార్టర్లో ఉండాలంటోంది ఆవిడ. నిజమేనా?"

"నిజమే అత్తయ్యా. మీరు అడ్డం పడతారని చెప్పలేదు."

"అడ్డమే పడతాను! నన్ను వాడికి వదిలేసి పోతావా? రోజుకి నాలుగు మాటలు రాలవు వాడి నోట్లోంచి. కన్నతల్లినని కూడా చూడడు. నువ్వైతే కనీసం పోట్లాడతావు. నువ్వూ పోతే ఈ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడనే?"

కోడలికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తను గుట్టు దాచింది ఎవరి దగ్గర!

"వీలవుతుందా అని అడిగానమ్మా," అంది డాక్టరమ్మ, ఇప్పుడు స్పీకర్లోంచి.

కోడలు కళ్ళు తుడుచుకుని తెరవైపు తిరిగింది.

"వీలవుతుందండీ. మీ క్వార్టర్లో ఇద్దరం ఉండొచ్చాండీ? మా అత్తయ్య కూడా వస్తారు."